గళ్ళవాడకు నేను పోసిన ముగ్గు

మీ జీవితంలో మీరు చేసిన ఘనకార్యాలు ఏవైనా ఉంటే కాసేపు పక్కన పెట్టండి. పరీక్ష రోజున వేరే కాలేజీకి వెళ్ళి కూర్చున్నవాళ్ళు, పెళ్ళిచూపులకని వెళ్ళి పక్కింట్లో ఉప్మా తిని వచ్చినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. వాళ్ళెవరూ నా ముందు నిలబడలేరు. నేను ఒక పాత ఊరిని తవ్వి తీయడానికి వెళ్ళి, దాని నెత్తిన ఒక కొత్త ఊరిని కూర్చోబెట్టి వచ్చినవాణ్ణి. అది కూడా ఒట్టి సున్నం సంచితో.

డెబ్బైల చివరి సంగతి. వరంగల్‌లో యూనివర్సిటీ అప్పటికి కొత్త. మా పురావస్తు శాఖ అంటే రెండు గదులు, ఒక ప్రొఫెసర్ గారు, అటెండర్ ఖాసిం భాయ్, నేను. నాది టెంపరరీ ఉద్యోగం. భుజాల దాకా జుట్టు, చంకలో గుడ్డసంచి, చరిత్ర అంతా నాకోసమే మట్టి కింద ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తోందన్న నమ్మకం. వరంగల్‌లో ఏ గల్లీలోకి వెళ్ళినా ఏదో ఒక పాత శిల్పం గోడలో ఇరుక్కునో, బట్టలు ఉతికే బండగానో కనబడుతుంది కదా. నేను అలాంటి బండ దగ్గర ఆగి, బట్టలు ఉతుకుతున్న ఆమెకు కాకతీయుల గొప్పతనం చెప్పేవాణ్ణి. "జర పక్కకు జరుగు బిడ్డా, సబ్బునీళ్లు పడ్తయి" అనేవాళ్ళు వాళ్ళు.

హన్మకొండ దాటి ఘన్‌పూర్ బస్సు వెళ్ళే రోడ్డుకు కొంచెం లోపల ఒక పాటిగడ్డ ఉండేది. అంటే ఎప్పుడో ఊరుండి, పాడుబడి, మట్టిలో కలిసిపోయిన దిబ్బ. సర్కారు భూమి. అక్కడ మా ప్రొఫెసర్ గారికి నలుపు, ఎరుపు రంగుల కుండపెంకులు దొరికాయి. ఇక ఆయనకు నిద్ర పట్టలేదు. తిరగాల్సిన ఆఫీసులన్నీ తిరిగి తవ్వకానికి అనుమతి తెచ్చారు. ఆయనది కోస్తా వైపు. మాట మెత్తన, కోపం వస్తే ఇంకా మెత్తన. మిగిలిన పనులకు హైదరాబాద్ వెళుతూ నన్ను పిలిచారు.

"నేను తిరిగి వచ్చేలోపు దిబ్బ మీద గళ్ళు గీసి ఉంచు. గడ్డపార మాత్రం ముట్టుకోవద్దు."

"అలాగే సార్."

"గళ్ళ మధ్య గట్టు వదలడం మర్చిపోకు. గట్టు తీరును బట్టే మనిషి పనితనం తెలుస్తుంది."

"ఎంత వెడల్పు సార్?"

"ఒక మనిషి మట్టి తట్ట ఎత్తుకుని నడిచేంత. అంతకంటే ఎక్కువ వదిలితే స్థలం దండగ. ఈ పని సవ్యంగా చేశావంటే నీ ఉద్యోగం పర్మనెంట్ చెయ్యమని నేనే అడుగుతాను."

ఈ గళ్ళ సంగతి మీకు చెప్పాలి. మేము నేలను ఎక్కడపడితే అక్కడ తవ్వం. తాడు లాగి, మేకులు కొట్టి, సున్నంతో చదరపు గళ్ళు గీసి, ఒక్కో గడికి ఒక నంబరు పెట్టి, గడి లోపల మాత్రమే తవ్వుతాం. గడికీ గడికీ మధ్య తవ్వకుండా వదిలేసే సన్నటి దారే గట్టు. దాని మీద నడుస్తాం, దాని అంచున మట్టి పొరలు చూస్తాం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా వైపు ఇల్లు కట్టేవాళ్ళు మొట్టమొదట చేసేది ముగ్గు పోయడం. తాడు లాగి, మేకులు కొట్టి, తెల్లగా పోస్తారు. ముగ్గు పడిందంటే ఇల్లు లేచినట్టే. పైగా అవి పేదలకు సర్కారు ఇళ్ల జాగలు పంచుతున్న రోజులు. ఎక్కడ నలుగురు నిలబడి తాడు లాగినా జనం పరిగెత్తుకొచ్చేవాళ్ళు. ఇదంతా నాకు తెలియదా? బ్రహ్మాండంగా తెలుసు. మా మేనమామ ఇంటికి ముగ్గు పోసిన రోజు అందరికీ బెల్లం పంచింది నేనే. కానీ నా బుర్రలో చదువు ఒక గదిలో, తెలివి ఇంకో గదిలో ఉండేవి. మధ్యలో తలుపు పెట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున్నే నేనూ ఖాసిం భాయ్ దిబ్బ ఎక్కాం. ఇంజనీరింగు వాళ్ళ దగ్గర బతిమాలి తెచ్చిన సర్వే దుర్భిణిని మూడుకాళ్ళ మీద నిలబెట్టాను. అందులోంచి నేను చూస్తుంటే, ఖాసిం భాయ్ తాడు లాగి సున్నం పోస్తున్నాడు. కాసేపటికి చుట్టూ జనం చేరారు. వాళ్ళలోంచి నెత్తిన కట్టెల మోపుతో ఒకామె ముందుకొచ్చింది. పేరు మల్లవ్వ అని తర్వాత తెలిసింది.

"ఏం జేత్తాండ్రు సారూ?"

"గళ్ళు గీస్తున్నం అవ్వా. అయ్యో, ముగ్గు తొక్కకు! లోపటికి జరుగు."

"ఈన్నా?"

"ఆఁ, ఆన్నే నిలబడు. కదలకు."

కదలకు అన్నాను. ఆమె ఈ రోజుకీ కదలలేదు.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? తవ్వే ముందు చుట్టుపక్కల జనాన్ని వివరాలు అడగాలని మా సారు నేర్పారు. అడిగాను.

"మీదే ఊరు అవ్వా?"

"పాలకుర్తి దిక్కు సారూ. నా పెనిమిటి పోయిన్నాటి సంది ఈన్నే పత్తిమిల్లుల కూలికి పోతాన."

"ఇంట్ల ఎందరుంటరు?"

"నేను, ఇద్దరు ఆడివిల్లలు."

"సొంత ఇల్లేనా?"

"ఏడిదయ్యా! కిరాయి అర్ర. గదిగూడ ఖాళీ చెయ్యుమంటాండ్రు."

నేను ఎంతో సానుభూతితో తల ఊపాను. సరిగ్గా అప్పుడే ఖాసిం భాయ్ వచ్చి, ఎర్ర రంగుతో 'బి-2' అని రాసిన మేకును ఆమె కాళ్ళ దగ్గర సుత్తితో టకటకా కొట్టాడు. వెనకాల నిలబడ్డ జనంలో ఒక్కసారిగా గుసగుసలు.

"సర్వేయర్ సారేనా?"

"మరి? దుర్భిణి కండ్లవడ్తలేదా?"

నాకు మాత్రం ఒకటే సంతోషం. చరిత్ర మీద ప్రజలకు ఇంత ఆసక్తి ఉందని మా సారుకు చెప్పాలి! సాయంత్రం దిగిపోయే ముందు వెనక్కి తిరిగి చూసుకున్నాను. తెల్లటి గళ్ళు, మధ్యలో సన్నటి, తిన్నని గట్లు. అంత అందంగా నేను జీవితంలో ఏదీ గీయలేదు.

మర్నాడు బస్సు దిగి దిబ్బ దగ్గరికి వస్తే దిబ్బ లేదు. అక్కడ ఒక ఊరుంది. గుంజలు, తాటికమ్మలు, అడ్డంగా కట్టిన పాత చీరలు, మూడురాళ్ళ పొయ్యిలు, పొగ. వేరే స్టాపులో దిగానేమో అనుకున్నాను. మళ్ళీ రోడ్డు దాకా వెళ్ళి, అక్కడున్న సైకిల్ షాపు చూసి, సరైన చోటే దిగానని రూఢి చేసుకుని తిరిగి వచ్చాను. ఊరు అలాగే ఉంది. ఈలోపు ఇంకో రెండు గుంజలు లేచాయి.

బి-2 గడిలోంచి మల్లవ్వ గ్లాసు పట్టుకుని వచ్చింది.

"చాయ్ తాగు సారూ. నువ్వు సల్లగుండాలె."

"అవ్వా, ఇదేంది? ఈడెందుకున్నవ్?"

"నువ్వే గద కదలకన్నవ్."

"నేనన్నది ముగ్గు తొక్కొద్దని!"

"తొక్కలె సారూ. సూసుకో, ఏడన్న చెరిగిందా?"

చూశాను. నిజంగానే ఎక్కడా చెరగలేదు. గుంజలన్నీ గీతకు లోపలే పాతారు. ఇంత క్రమశిక్షణ మా విద్యార్థులలో ఎన్నడూ చూడలేదు. తలకాయ తిరిగిపోయి, ఖాసిం భాయ్ వస్తే అతనితోనే చెప్పిద్దామని దిబ్బ చుట్టూ వెతికాను. ఖాసిం భాయ్ డి-1లో దొరికాడు. గుంజకు పరదా కడుతున్నాడు. లోపల ఆయన బేగం గిన్నెలు సర్దుతోంది.

"ఖాసిం భాయ్! నీకూ తెల్వదా ఇది దేనికో?"

"తెలుసు సార్. డిపార్ట్‌మెంట్ పని."

"మరి నువ్విక్కడేం చేస్తున్నవ్?"

"డిపార్ట్‌మెంట్ అందరికీ ఇస్తాంది గదా, డిపార్ట్‌మెంట్ ఆద్మీకి ఇయ్యదా అనుకున్న. మూలకున్నది తీసుకున్న సార్, గాలి మంచిగొస్తది."

"ఇవి తవ్వకానికి గీసిన గళ్ళు భాయ్! మనం పోయినసారి గుట్ట కింద గీయలేదా?"

"గీసినం సార్. కానీ ఆడ ఇంత జనం రాలె. గందుకే ఈసారి వేరే స్కీమేమో అనుకున్న."

ఇక నాకు నా మీదే అనుమానం మొదలైంది. ఒకవేళ నిజంగానే ఇళ్ల జాగలు పంచమని పంపారా? నేనే పొరపాటున తవ్వకం అనుకున్నానా? మా సారు అన్న మాటలన్నీ ఒకటికి పదిసార్లు గుర్తు చేసుకుని, కాదు, తవ్వకమే అని తేల్చుకున్నాను.

అప్పుడు ఒక ఉపాయం తట్టింది. దయచేసి నవ్వకండి, నవ్వాల్సినవి ముందున్నాయి. ఇవి పోతే పోయాయి, దిబ్బ అవతలి వాలు ఖాళీగానే ఉంది కదా, అక్కడ కొత్త గళ్ళు గీస్తే సారు వచ్చాక అక్కడే తవ్వచ్చు అనుకున్నాను. ఖాసిం భాయ్‌ని పరదా కింద నుంచి లాక్కెళ్ళి, మిగిలిన సున్నమంతా పోసి, పొద్దున పదిగంటలకల్లా గీసేశాను. మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి అవీ నిండాయి.

"అవుతలి దిక్కు గూడ ఇస్తాండ్రట!" అన్న కబురు సుబేదారి దాకా పాకిందట. మూటాముల్లెలతో ఇంకా వస్తూనే ఉన్నారు. పైగా తగాదాలు తీర్చడానికి నేనే పెద్దమనిషినయ్యాను.

"సారూ, ఈ ఎల్లయ్య సూడు! నా గడికి ఆయన గడికి నడుమ గుంజ పాతిండు!"

అది వినగానే నాలో ఉన్న పురావస్తువేత్త గయ్యిమన్నాడు. "ఎవరు? గట్టు మీద గుంజనా? పీకు! గట్టు మీద ఎవరూ ఏమీ పెట్టొద్దు! గట్టు ఖాళీగుండాలె!"

"అట్లనా సారూ? మరి ఎందుకా జాగ?"

"నడవడానికి! మనిషి తట్ట పట్టుకుని నడిస్తే చాలు!"

"గట్లనే సారూ" అని ఎల్లయ్య గుంజ పీకేశాడు. ఊరు పోతే పోయింది, నా గట్టు నిలబడిందని నేను మీసం దువ్వుకున్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. దీని ఫలితం నేను తర్వాత అనుభవించాను.

సాయంత్రానికి ఆ ప్రాంతపు లీడరు యాదగిరి స్కూటరు మీద వచ్చాడు. తెల్ల ఖద్దరు, నల్ల కళ్ళద్దాలు. ఒకసారి ఊరంతా చూసి, నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించాడు.

"సారూ, ఇది ఎవలు శాంక్షన్ చేసిండ్రు?"

"ఎవ్వరూ చెయ్యలేదు."

"కలెక్టర్ సాబా?"

"కాదు."

"మన ఎమ్మెల్యేనా?"

"కాదండీ!"

యాదగిరి కళ్ళద్దాలు తీసి చాలాసేపు ఆలోచించాడు. ఆయన కూడా నాలాగే అయోమయంలో పడ్డాడని నాకు కొంచెం ధైర్యం వచ్చింది. కానీ లీడర్లకు అయోమయం ఎంతోసేపు ఉండదు.

"అయితె నేనే అయుంట" అన్నాడు.

అరగంటలో ఒక మైకు, రెండు కుర్చీలు, ఒక బంతిపూల దండ వచ్చాయి. తాను కష్టపడి తెచ్చిన జాగల గురించి యాదగిరి మాట్లాడాడు. దండ నా మెడలో పడింది. మైకు నా నోటి ముందుకొచ్చింది. నా ఉద్యోగం, మా సారు కొన్నేళ్ల కల రెండూ ఆ మైకు మీదే వేలాడుతున్నాయి. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను.

"అమ్మా, అయ్యా, నా మాట వినండి. ఇది ఇళ్ల జాగ కాదు. దీని కింద పాత ఊరుంది. వెనకటి మనుషుల కుండలున్నాయి, వాళ్ళ బొక్కలు కూడా ఉండొచ్చు. మీరు ఖాళీ చేస్తే మేము తవ్వి చూడాలి."

ఎముకల మాట వింటే భయపడి లేస్తారని నా ఎత్తు. ఒక్కరూ లేవలేదు. మల్లవ్వ లేచి నిలబడింది. అరవలేదు. మెల్లగానే అడిగింది.

"సచ్చినోళ్లకు ఇన్ని రోజులు జాగ ఉండె గదా సారూ. బతికినోళ్లకు ఉండద్దా? నిన్న మాపటికే నా సామానంత బయట పడేసిండ్రు. వానలు మొదలైతానయి. ఈ పిల్లలను వెట్టుకొని నేనేడికి పోవాలె? నువ్వే చెప్పు, ఆడికే పోత."

ఆమె వెనక ఇద్దరు ఆడపిల్లలు ఒకే దుప్పటి కప్పుకుని, నేను ఏం చెబుతానా అని నా నోరు చూస్తున్నారు. వాళ్ళను ఎక్కడికి పొమ్మనాలో నాకు తెలియదు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. మైకు యాదగిరి చేతికిచ్చి, దండతోనే కిందికి దిగాను.

రెండు రోజులకు మా ప్రొఫెసర్ గారు వచ్చారు. దిబ్బ కింద నిలబడి చాలాసేపు పైకి చూశారు.

"ఏమిటిది?"

"గళ్ళు సార్."

"గళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి. వాటిలో ఉన్నదేమిటి?"

"జనం సార్."

"ఏ కాలపు జనం?"

"ఈ కాలపు జనమే సార్."

ఆయన గొంతు చాలా మెత్తగా ఉంది. నా ప్రాణం పోయింది. ఆయన గట్ల మీద ఒక్కొక్క గడీ చూస్తూ నడిచారు, నేను దొంగలా వెనకాల. బి-2 దగ్గర మల్లవ్వ ఆయనకూ చాయ్ ఇచ్చింది. చాయ్ తాగుతూ ఆయన ఆ పిల్లలను చూశారు, పొయ్యిని చూశారు, ఎసరు పెట్టిన నల్లటి కుండను మరీ ఎక్కువసేపు చూశారు.

"వీళ్ళను లేపాలంటే పోలీసులను పిలవాలి" అన్నారు చివరికి. "పోలీసులతో తవ్వకం నేనెప్పుడూ చేయలేదు. పద పోదాం. ఊరిని తవ్వమంటే ఊరిని కట్టావు కదరా నాయనా."

కొంతదూరం నడిచాక ఆగి వెనక్కి చూశారు. "గట్టు మాత్రం చక్కగా వచ్చింది" అన్నారు.

అదే నాకు దక్కిన మెప్పు. పర్మనెంట్ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ తర్వాత చాలాకాలం మా రెండో గదిలో కూర్చుని కుండపెంకులు కడిగాను. యాదగిరి పట్టువదలకుండా తిరిగి ఆ గళ్ళకు పట్టాలు తెప్పించాడు, ఎన్నికల్లో నిలబడ్డాడు కూడా. ఆ బస్తీకి కాగితాల మీద ఏదో పెద్ద పేరు పెట్టారు. జనం నోట్లో మాత్రం అది గళ్ళవాడ.

ఇక్కడితో కథ అయిపోయిందనుకుంటే మా ఆవిడ సంగతి మీకు ఇంకా తెలియదన్నమాట. ఎనభైల మధ్యలో నాకు పెళ్ళయింది. ఉద్యోగం కూడా ఎట్టకేలకు పర్మనెంట్ అయింది. నేను క్యాంపుకు వెళ్ళి వచ్చేలోపు మా ఆవిడ సులోచన ఇల్లు కిరాయికి చూసేసింది.

"యూనివర్సిటీకి దగ్గర్నే. నీళ్ళు మంచిగున్నయి. ఇంటామె బంగారమసొంటి మనిషి. రేపే సామాను తోలుదాం" అంది.

సామాను అంటే ముఖ్యంగా వాళ్ళ పుట్టింటివాళ్ళు పెట్టిన ఇనుప బీరువా. అద్దం ఉన్నది, ఆకుపచ్చ రంగుది, ఏనుగు పిల్లంత బరువుది. మనుషులను పెట్టి బండి మీద తోలుకొచ్చి, ఆనవాలు పట్టలేనంతగా ఇళ్ళు లేచిన ఒక బస్తీ మొదట్లో దించాక, గోడ మీద ఎర్రరంగుతో 'ఎ-1' అని రాసి ఉండటం చూశాను. మేకులు పోయినా నంబర్లు పోలేదు. ఆ పక్కన గల్లీ. ఒక మనిషి మట్టి తట్ట ఎత్తుకుని నడిచేంత గల్లీ. తిన్నగా, అందంగా ఉంది. దాని మీదికి ప్రతి ఇల్లూ ఒక మెట్టు దింపి ఇంకా సన్నం చేసింది.

బీరువా లోపలికి కొంతదూరం పోయింది. ఎల్లయ్య ఇంటి మెట్టు దగ్గర ఇరుక్కుంది. ముందుకు రాదు, వెనక్కి పోదు. అవతల మిల్లుకు పోవాల్సినవాళ్ళు నలుగురు, నీళ్ళ బిందెలతో ఇద్దరు, బీరువా మీదుగా తలలు పెట్టి చూస్తున్నారు.

"ఇదేం గల్లీరా నాయినా! పీనుగను గూడ నిలవెట్టి తీస్కపోవాలె!" అన్నాడు ఒకాయన.

"ఈ ముగ్గు పోసినోడెవడో, వానికసలు కండ్లున్నయా?" అన్నాడు ఇంకొకడు.

"తాగి పోసిండు కావచ్చు" అంది సులోచన. అందరికంటే ఆమె గొంతే పెద్దగా ఉంది. "గసొంటోనికి ఎవరిచ్చిండ్రో నౌకరి!"

"ఛీ ఛీ, బొత్తిగా బుద్ధి లేని మనిషి" అన్నాను నేను కూడా. అప్పటికి నా జుట్టు సగం రాలిపోయింది, ఎవరూ గుర్తుపట్టరన్న ధైర్యం. అదే క్షణంలో బీరువా అవతలి నుంచి ఒక తెల్లటి టోపీ పైకి లేచింది.

"అరె! మన సార్!" అన్నాడు ఖాసిం భాయ్, డి-1 నివాసి. గల్లీ గల్లీ అంతా వినబడేటట్టు అన్నాడు. "మీరు గీసిన గల్లీల మీ బీరువనే ఇరికిందా సార్?"

సులోచన నా వైపు తిరిగింది. పెళ్ళయ్యాక ఆమె నన్ను అంత శ్రద్ధగా చూడటం అదే మొదటిసారి.

మా ఇంటామె జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. మల్లవ్వ. జుట్టు నెరిసింది, నడక మారలేదు. నా మొహంలోకి తేరిపార చూసి, గట్టిగా నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వేనా సారూ! ఎవలన్న ఏమన్న అననీ, సన్నగ పోసినా సక్కగ పోసినవ్. నా ఇద్దరు బిడ్డల లగ్గాలు ఈ గడిలకెల్లే చేసిన." తర్వాత వెనక్కి తిరిగి అరిచింది. "ఎల్లయ్యా! గడ్డపార తే! నీ మెట్టు గట్టు మీదికొచ్చింది. గట్టు మీద ఏం పెట్టద్దని సారు ఆనాడే చెప్పిండా లేదా?"

గడ్డపార వచ్చింది. నా చేతికే ఇచ్చారు. మా సారు ముట్టుకోవద్దన్న గడ్డపార! చొక్కా చేతులు మడిచి ఎల్లయ్య మెట్టును పెకిలించాను. ఇంకో రెండు పోట్లు ఎక్కువే వేశాను. మట్టిలోంచి అరచేతి అంత పెంకు ఒకటి పైకి వచ్చింది. ఒక పక్క నలుపు, ఒక పక్క ఎరుపు. ఆ పాటిగడ్డ మీద నా జీవితంలో నేను చేసిన ఏకైక తవ్వకం అది. మోకాళ్ళ మీద కూలబడి పెంకును చొక్కాతో తుడుస్తున్నాను. చుట్టూ ఎవరున్నారో, ఎందుకు వచ్చానో అన్నీ మర్చిపోయాను.

"ఓ సారూ!" సులోచన గొంతు. "సచ్చినోళ్ల కుండ తర్వాత చూద్దురుగని. ముందు బతికినోళ్ల బీరువ!"

బీరువా బి-2 చేరింది. పెంకు కూడా అందులోనే, మా ఆవిడ పట్టుచీరల కింద భద్రంగా ఉంది. అయితే ఆ రోజు నుంచి మా ఇంట్లో సున్నం నాకు నిషిద్ధం. కిళ్ళీ ఆకుకు రాసుకోబోయినా సులోచన లాగేసుకుంటుంది.

అందువల్ల, ఆ ఆకుపచ్చ బీరువా మీద చెయ్యి పెట్టి, భూమి కింద ఉన్నవాళ్ళూ భూమి మీద ఉన్నవాళ్ళూ వినేలా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకెప్పుడైనా, ఎంత గొప్ప పాటిగడ్డ మీదైనా సరే, ముందు మా ఆవిడ బీరువా కొలత తీసుకోనిదే గట్టు వదలను.